పశువుల ఆసుపత్రి గేటు చూడగానే వణుకెందుకు?
చిన్నజాతి కుక్కలకు ఇంట్లోనే తర్ఫీదు.. వైద్య పరీక్షలు సులువు

తెనాలి, బాపట్ల, రేపల్లె: ఏటా జులై 6న పశువైద్యశాలల ప్రాంగణాలు కుక్కల అరుపులతో మారుమోగుతాయి. 1885లో అదే తేదీన ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, కుక్కకాటుకు గురైన జోసెఫ్ మెయిస్టర్ అనే బాలుడికి రేబిస్ టీకా ఇచ్చారు. దానికి గుర్తుగా ప్రపంచ జూనోసిస్ దినాన్ని పాటిస్తూ, పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటుంది. గొలుసులతో వచ్చిన పెద్ద కుక్కలు ఒక పక్క, ఒడిలోనో చేతిసంచిలోనో ఒదిగి వచ్చిన పమేరియన్లు, డాక్స్‌హండ్లు, షిట్జూలు మరో పక్క బారులు తీరుతాయి. వీటిలో చాలావాటికి ఆసుపత్రి ముఖం చూసేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. గేటు దాటితే సూది పోటు తప్ప వేరొక అనుభవం ఉండదు. మరుసటి ఏడు ఆ వీధి మలుపు తిరగగానే వణుకు మొదలవుతుంది. యజమాని చెయ్యి కొరకడం, వైద్యుడిపైకి ఎగబడటం, చివరికి టీకా వేయించకుండానే ఇంటికి తిరిగి రావడం పరిపాటిగా మారుతుంది. రెండేళ్లు ఇలా గడిస్తే ఆ కుక్కకు రేబిస్ రక్షణ లేనట్లే. ఈ పరిస్థితి రాకుండా ఇంట్లోనే చేయదగిన తర్ఫీదుపై ప్రత్యేక కథనం.

చేతిలో ఇమిడేదే కదా అని..

పెద్ద కుక్కను తెచ్చుకున్న కుటుంబం దానికి కూర్చోవడం, ఆగడం నేర్పుతుంది. నేర్పకపోతే అదుపు చేయలేమన్న భయమే అందుకు కారణం. మూడు నాలుగు కిలోల కుక్క విషయంలో ఆ భయం ఉండదు. అది మొండికేస్తే చంకలో పెట్టుకొని నడిచిపోవచ్చు. గుర్రుమంటే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. పిల్లలు ముందుకాళ్లు పట్టి పైకి లేపుతారు. తన ఇష్టానిష్టాలను ఎవరూ లెక్కచేయడం లేదని గ్రహించిన కుక్క, హెచ్చరించడం మానేసి నేరుగా కొరకడం నేర్చుకుంటుంది. చిన్న కుక్కలకు కోపం ఎక్కువన్న మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంటుంది. అందులో జాతి లక్షణం కంటే మన పెంపకం పాలే ఎక్కువ.

భయం వల్ల వైద్యుడికీ చిక్కే. బెదిరిన కుక్కలో గుండె వేగం, ఊపిరి వేగం పెరుగుతాయి. ఒంటి వేడి, రక్తంలో చక్కెర కూడా ఎగబాకవచ్చు. అది రోగమో, బెదురో తేల్చుకోవడం కష్టమవుతుంది. పెనుగులాటలో ప్రమాదాలూ లేకపోలేదు. 2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనతో ఇంటింటికీ పరిచయమైన పగ్ జాతికి కనుగుడ్లు బాగా ముందుకు ఉంటాయి. మెడ గట్టిగా అదిమి పట్టుకుంటే గుడ్డు బయటకు వచ్చే ప్రమాదం ఉంది. పమేరియన్ వంటి జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు కనిపిస్తుంది. మెడపట్టీ లాగిన ప్రతిసారీ బాతు అరిచినట్లు దగ్గు వస్తుంది. ఇట్టి వాటికి మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ వాడటం మేలు.

దీనికి తోడు డెల్టా పల్లెల్లోని పశువైద్యశాలలు ప్రధానంగా పాడి పశువుల కోసం ఏర్పడినవి. గేదెలను నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం, వాటి వాసన, తాడు తెంచుకోజూసే దున్నపోతు అరుపు చిన్న కుక్కకు కొత్త. చల్లటి రేకు బల్లపై గోళ్లు జారుతుంటే ఉన్న ధైర్యం కూడా సడలిపోతుంది. ఆసుపత్రిని మనం మార్చలేం. కుక్కను సిద్ధం చేయడం మాత్రం యజమాని చేతిలోనే ఉంది.

పాత దుప్పటి ముక్కతో మొదలు

తర్ఫీదుకు ఖర్చుతో పని లేదు. పాత దుప్పటి ముక్కో, మందపాటి తువ్వాలో ఒకటి దీనికే కేటాయించాలి. రోజూ అదే చోట పరిచి, కుక్క దానిపైకి వచ్చినప్పుడల్లా చిన్న తినుబండారం అందించాలి. వారం తిరిగేసరికి ఆ గుడ్డ పరిస్తే చాలు, పిలవకుండానే వచ్చి నిలబడుతుంది. తర్వాత దానిని స్టూలుపైన, బల్లపైన పరిచి నిలబెట్టాలి. చిన్నజాతుల ముందుకాళ్ల ఎముకలు సన్ననివి కాబట్టి బల్లపై నుంచి దూకినా విరగవచ్చు. ఒక చెయ్యి ఎప్పుడూ దాని ఒంటిపై ఉండాలి. చివరకు ఇదే గుడ్డ ఆసుపత్రి బల్లపైకి చేరుతుంది. ఇంటి వాసన గల ఆ గుడ్డ కాళ్లకింద ఉంటే జారుడు ఉండదు, బెదురూ తగ్గుతుంది.

తినుబండారం శనగగింజ పరిమాణం మించనక్కర లేదు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు తెల్లసొన, పన్నీరు, ఉడికించిన చిలగడదుంప బాగా పనికివస్తాయి. శాకాహార కుటుంబాల్లో పెరుగు చెంచాతో నాకించినా చాలు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి మాత్రం ఏ రూపంలోనూ పెట్టరాదు. ఇవి కుక్కలకు విషతుల్యం. బిర్యానీ మిగిలిందని మసాలాతో సహా పెట్టే వారు ఉల్లి సంగతి మరచిపోతుంటారు.

ఇక్కడ అందరూ పొరపడే అంశం ఒకటుంది. ముందు తాకాలి, తర్వాత తినిపించాలి. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాలు చాటిన సూత్రమిదే. ముందు సంకేతం వినిపించి వెంటనే ఆహారం ఇస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరింది. చెవి పట్టుకోగానే కోడి ముక్క వస్తుందని తెలిస్తే కుక్క చెవి అప్పగిస్తుంది. క్రమం తారుమారై, ముక్క చూపించి ఆశపెట్టి ఆనక చెవి పట్టుకుంటే మిగిలేది అనుమానమే. అటుపైన కోడి ముక్క చూసినా మంచం కిందికి దూరుతుంది.

మొదటి రోజుల్లో భుజం, వీపు వరకే తాకాలి. తర్వాత మెడ, చెవి రెక్క, పెదవి, చివరగా పాదాలు, తోక. పాదం వెనక్కి లాక్కుంటే గట్టిగా బిగించి పట్టరాదు. వదిలేసి, ఈసారి అంతకంటే తక్కువ సేపు తాకాలి. ఒక్కో విడత రెండు నిమిషాలు మించకుండా రోజుకు రెండు విడతలు చాలు. అన్నం పెట్టబోయే ముందు, కాస్త ఆకలి మీద ఉన్న సమయం అనుకూలం. కుక్కపిల్లలైతే త్వరగా నేర్చుకుంటాయి. ఇప్పటికే ఆసుపత్రిలో బెదిరిన కుక్కకు నెలలు పట్టవచ్చు.

బ్రిటన్‌కు చెందిన శిక్షకుడు చిరాగ్ పటేల్ రూపొందించిన బకెట్ ఆట ఈ విషయంలో ప్రపంచమంతటా ప్రచారం పొందింది. తినుబండారాలున్న చిన్న డబ్బాను కుక్క కంటికి ఎదురుగా, అందకుండా పెడతారు. అది డబ్బా వైపు చూస్తున్నంత సేపు చెవిని, కాలిని పరీక్షిస్తూ మధ్యమధ్య ఒక్కో ముక్క ఇస్తారు. చూపు మరల్చిన మరుక్షణం చేయి తీసేస్తారు. ఆపమని చెప్పే అవకాశం తన వద్దే ఉందని తెలిసిన కుక్క ఎక్కువసేపు ఓపిక పడుతుంది. ఇంట్లోని హార్లిక్స్ సీసా మూతతోనూ ఈ ఆట ఆడించవచ్చు.

చెంచాయే స్టెతస్కోపు

ఆసుపత్రిలో ఎదురయ్యే ఒక్కొక్క అనుభవాన్నీ ఇంట్లో అభినయించి చూపాలి. స్టీలు చెంచాను బోర్లించి ఛాతీపై రెండు క్షణాలు ఆనిస్తే స్టెతస్కోపు చల్లదనం అలవాటవుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదిని దూరంగా ఉంచి తినిపిస్తూ క్రమేణా దగ్గరకు తేవాలి. చాలా కుక్కలు సూదికంటే ముందు ఆ వాసనకే బెదురుతాయి. వీపుపై చర్మాన్ని రెండు వేళ్లతో సుతారంగా పైకి లాగి, మూత పెట్టిన పెన్నుతో తాకి తినిపిస్తే సూదికి సన్నాహం పూర్తయినట్లే. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, మరొకటి పిరుదుల కింద ఉంచి ఒంటికి ఆనించుకోవాలి. చంకల్లో వేళ్లు దూర్చి ఎత్తడం, మెడ తోలు పట్టి లేపడం మానాలి.

నూర్పిళ్ల వేళ ఎద్దులకు వేసే చిక్కం వంటిది కుక్కలకూ దొరుకుతుంది. నొప్పితో ఉన్నప్పుడు ఎంత సాధువైన కుక్కయినా కొరకవచ్చు కాబట్టి అది అలవాటై ఉండటం అవసరం. చిక్కం లోపల పెరుగు రాసి దానంతటదే మూతి దూర్చేలా చేయాలి. దూర్చిన నాలుగైదు రోజుల తర్వాతే పట్టీ బిగించాలి. నోరు తెరిచి రొప్పడానికి వీలైన జాలీ రకమే వాడాలి. గుడ్డతో మూతి బిగించి కట్టే పాత పద్ధతి ఎండవేళ ప్రాణాంతకం కాగలదు. మూతి చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులకు అది అసలే పనికిరాదు.

ఈ తర్ఫీదు సాగుతున్నంతకాలం కుక్క ముఖాన్ని గమనిస్తూ ఉండాలి. ఆకలి లేకుండా పెదవులు నాకడం, నిద్ర లేకుండా ఆవులించడం, తల పక్కకు తిప్పుకొని కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం భయానికి గుర్తులు. గుర్రుమన్నందుకు కొట్టడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. దెబ్బకు గుర్రుమనడం ఆగుతుంది గానీ భయం పోదు. ఆపైన హెచ్చరిక లేకుండానే పళ్లు దిగుతాయి.

వారానికోసారి పది నిమిషాలు

తాకనిచ్చే కుక్కను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రోగం ముదరకముందే బయటపడేది ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్లు గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు క్షణాల్లోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, పసుపు పచ్చబారినా, నీలంగా ఉన్నా అదే రోజు వైద్యుడికి చూపాలి. చిన్నజాతుల్లో పళ్లకు గార పట్టడం అధికం. నోటి దుర్వాసన కుక్కలకు సహజమనుకోవడం సరికాదు. మనుషులు వాడే టూత్‌పేస్టు మాత్రం వాటికి వాడరాదు.

నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎగసిపడటాన్ని అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే నిమిషానికి శ్వాసలు తెలుస్తాయి. తరచూ 30 దాటుతుంటే అనుమానించాలి. వయసు మళ్లిన చిన్నజాతుల్లో గుండె కవాటం పాడవడం సాధారణం. రాత్రిళ్లు దగ్గు, నిద్రలో వేగంగా ఊపిరి తీయడం దాని తొలి జాడలు.

ఒంటి వేడి మనిషికంటే వాటికి ఎక్కువే. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. చేత్తో తాకి జ్వరమని భ్రమించి పారాసిటమాల్ బిళ్ల సగం విరిచి వేసే వారున్నారు. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, చిన్న కుక్క ప్రాణం తీయగలవు. ప్రత్యేకంగా ఒక డిజిటల్ థర్మామీటరు కేటాయించి, వాజ్‌లైన్ రాసి మలద్వారంలో కొద్దిగా ఉంచి చూడాలి. తోక ఎత్తనివ్వడం, అక్కడ తాకనివ్వడం అలవాటయ్యాకే ఈ పని.

బరువు విషయంలో అశ్రద్ధ తగదు. మూడు కిలోల కుక్క 300 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్లు. చూపుకు మాత్రం అది తెలియదు, బొచ్చు కప్పేస్తుంది. కుక్కను ఎత్తుకొని ఒకసారి, విడిగా ఒకసారి తూకపు యంత్రంపై నిలబడి తేడా రాసుకోవాలి. మందు మోతాదు నిర్ణయించేది ఈ అంకెతోనే.

గోళ్లు చూసేటప్పుడు ముందుకాలి లోపలి వైపు కాస్త పైన ఉండే బొటనగోరును మరువరాదు. అది నేలకు తగలక అరగదు. వంకర తిరిగి మాంసంలోకి దిగుతుంది. వేలాడే చెవుల కుక్కలకు కోస్తా ఉక్కపోతలో చెవిలోపల బూజు వ్యాధులు త్వరగా సోకుతాయి. పుల్లటి వాసన, గోధుమరంగు గులిమి, తల విదిలించడం కనబడితే కొబ్బరినూనె పోసి ఊరుకోక చూపించాలి. గర్భసంచి తొలగించని ఆడకుక్క ఎదకు వచ్చిన నెల, రెండు నెలల్లో అతిగా నీళ్లు తాగుతూ తిండి మానేస్తే గర్భాశయంలో చీము చేరి ఉండవచ్చు. ఇందులో ఒక్కపూట ఆలస్యమైనా ముప్పే.

పిడుదులు.. కాలువ నీరు

ఈ ప్రాంత కుక్కలకు ముఖ్య శత్రువులు రెండు. ఒకటి పిడుదులు. చెవి లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక కింద దాక్కుంటాయి. ఇవి రక్తం పీల్చడంతోపాటు ఎర్లిషియా, బబీసియా అనే సూక్ష్మజీవులను ఎక్కిస్తాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం వాటి లక్షణాలు. పిడుదును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి. కిరోసిన్ రాస్తే కుక్క నాకి విషం పాలవుతుంది. పాడి ఉన్న ఇళ్లలో మరో ప్రమాదం పొంచి ఉంది. గేదెల పిడుదులకు తెచ్చిన మందును అందాజాగా నీళ్లలో కలిపి కుక్కకు పూస్తుంటారు. నాలుగు వందల కిలోల పశువుకూ, నాలుగు కిలోల కుక్కకూ ఒకే కొలత ఎలా సరిపోతుంది?

రెండోది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా ఇది కుక్కలకూ, మనుషులకూ సోకుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరిచేలు, పంటకాలువలు, ఎలుకలు విడదీయరానివి. తెనాలి కాలువ గట్లపైన, రేపల్లె వైపు చేలగట్లపైన తిరిగే కుక్క, మడుగుల్లో నీరు తాగకుండా చూడాలి. రేబిస్ టీకా దీనికి పనిచేయదు. దీని టీకా వేరు, ఏటేటా వేయించాలి. కుక్కపిల్లలకు పార్వో, డిస్టెంపర్ వంటి వాటి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాల వరకు విడతలుగా ఇస్తారు. రేబిస్ టీకా మూడో నెలలో మొదలవుతుంది.

ఆసుపత్రికి వెళ్లలేక ఇంటికి మనిషిని పిలిపించి టీకా వేయించేవారు ఒక సంగతి గమనించాలి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లదనంలో ఉండాలి. మే నెల ఎండలో జేబులో పెట్టుకొని వచ్చిన సీసాతో సూది నొప్పి తప్ప ప్రయోజనం నమ్మలేం.

ప్రయాణం, పరీక్ష

బజారులో దొరికే మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ బుట్ట చిన్న కుక్క ప్రయాణానికి సరిపోతుంది. ఆ బుట్ట ఏడాదంతా ఇంట్లో తలుపు తెరిచి పడకగా ఉండాలి. ఆసుపత్రికి వెళ్లే రోజే అటక మీదినుంచి దిగితే దాన్ని చూసి పారిపోతుంది. ఆగి ఉన్న ఆటోలో ఒకరోజు కూర్చోబెట్టి తినిపించడం, మరోరోజు వీధి చివరి వరకు తిప్పడం, ఆనక ఆసుపత్రి గేటు వరకు వెళ్లి రావడం క్రమంగా సాగాలి. వేసవిలో ఉదయం పూటే బయలుదేరాలి.

లోపల గేదెల రద్దీ ఉంటే ఒకరు చీటీ కోసం వరుసలో నిలబడి, మరొకరు కుక్కతో చెట్టు కింద వేచి ఉండటం మంచిది. టీకాల కార్డు, బరువు రాసిన కాగితం, వాడుతున్న మందుల పట్టీ వెంట తీసుకెళ్లాలి. దగ్గు, మూర్ఛ, కుంటడం వంటివి ఆసుపత్రిలో కనబడకపోవచ్చు. వాటిని సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి చూపితే వైద్యుడికి వెయ్యి మాటల పని తప్పుతుంది. ఇంతచేసినా తీవ్రంగా బెదిరే కుక్కలకు ముందురోజు నుంచే ఇచ్చే భయనివారక మందులు ఉన్నాయి. అవి వైద్యుడి చీటీతోనే వాడాలి. పెద్ద శస్త్రచికిత్సలు, ప్రత్యేక పరీక్షలు అవసరమైతే గన్నవరంలో 1998లో ఏర్పడిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అంతదూరం ప్రయాణించగలగడం కూడా బుట్ట అలవాటుపైనే ఆధారపడుతుంది.

తర్ఫీదు వేళ పన్ను గీరుకున్నా తేలికగా తీసుకోరాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పూయరాదు. ప్రభుత్వాసుపత్రిలో మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో టీకా వేస్తారు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు. ఇంటి కుక్కే కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

జులై 6 టీకాకు తీసుకెళ్లదలచినవారు జూన్ తొలి వారంలోనే దుప్పటి ముక్కతో తర్ఫీదు మొదలుపెట్టవచ్చు. ఆ తేదీకి ముందు కనీసం రెండుసార్లు, రద్దీ లేని వేళ చూసి, సిబ్బంది అనుమతితో ఆసుపత్రికి తీసుకెళ్లి, సూది లేకుండా బల్లపై నిలబెట్టి, తినిపించి వెనక్కి తేవాలి.